రూపహి పడవలో తిరగలి

చదవబోయే వాళ్ళకు ముందుగా ఒక మనవి. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పలేను. ఇది నా తప్పు కాదు, నా నాలుక తయారీలోనే ఏదో తేడా ఉంది. సుల్తాన్ బజారుకు పోయి పావుశేరు వంకాయలు తెస్తే, ఇంటికి వచ్చేసరికి అవి నా నోట్లో రెండు బండ్ల వంకాయలవుతాయి. నా పెళ్ళినాడు నాలుగు చినుకులు పడ్డాయి. పాతికేళ్ళుగా చెప్పీ చెప్పీ ఇప్పుడది పురోహితుడు కొట్టుకుపోయిన వాన అయింది. ఆ పురోహితుడు బతికే ఉన్నాడు. మొదట్లో కాదనేవాడు గాని, ఈమధ్య తను కొట్టుకుపోయి ఎక్కడ తేలాడో ఆయనే చెబుతున్నాడు. మా ఆవిడ నేను ఏది చెప్పినా మనసులో నాలుగుతో భాగించి వింటుంది. మీరూ అలాగే వినండి. భాగించినా నమ్మబుద్ధి కాని చోట మాత్రం నిజం చెబుతున్నానని అనుకోండి.

మొన్న పొద్దున పేపరు లోపలి పేజీలో, బియ్యం ధరలకూ ఒక సబ్బు ప్రకటనకూ మధ్య, నాలుగు వరుసల వార్త కనపడింది. అస్సామీ నవలాకారుడు, పత్రికా సంపాదకుడు ఒకాయన తన సొంత ఊళ్ళో కన్నుమూశాడని. నాలుగు వరుసల్లోనే ఆయన పేరు రెండు విధాలుగా అచ్చయింది. మూడో విధంగా రాసే పాపం నాకెందుకని ఇక్కడ పేరు రాయడం లేదు. మా ఇంట్లోనూ ఆయన్ను పేరు పెట్టి ఎవరూ అనేవాళ్ళు కాదు. మా మామ "సంపాదకులవారు" అనేవాడు, అత్త "మీ మామ అస్సామాయన" అనేది. పేపరు పట్టుకుని అలా ఉండిపోతే మా ఆవిడ వచ్చి, "ఎవరైనా దగ్గరోల్లా?" అని అడిగింది. "ఔ, మా మామ తరఫు" అన్నాను. నాలుగుతో భాగించిందో లేదో తెలియదు గాని ఆ పూట నన్ను కూరగాయలకు పంపలేదు.

నేను చదువు కోసం జనగామ వైపు నుంచి వచ్చి రాజలింగం మామ ఇంట్లో దిగేనాటికి నాకు పదిహేడేళ్ళు. మామ మా అమ్మకు తమ్ముడు. నాంపల్లి స్టేషను వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. ఆ సందు ఎంత ఇరుకంటే, ఎదురుగా బొజ్జ ఉన్న మనిషి వస్తే మేము స్టేషను దాకా వెనక్కి నడిచి, ఆయన్ను సాగనంపి, మళ్ళీ మొదటినుంచి బయలుదేరేవాళ్ళం. ఇంజను కూత పెడితే చాయ్ కప్పులు సాసర్లలో తమంతట తాము గుండ్రంగా తిరిగేవి. పొద్దున కళ్ళు తెరవకముందే బొగ్గు పొగ వాసన వచ్చేది, అది స్టేషనుది. దాని మీద టేకు పొట్టు వాసన, అది మామది. ఆయన దగ్గరలోని కట్టెల అడితిలో గుమస్తా. సాయంత్రం వచ్చి చొక్కా విదిలిస్తే చిన్న స్టూలు చేసుకోవడానికి సరిపడా పొట్టు రాలేది. ఈ రెండు వాసనలనూ తోసుకుంటూ వంటింట్లోంచి జొన్నరొట్టె వాసన వచ్చేది, అది సత్తెమ్మ అత్తది. నాకు ఇప్పటికీ గొప్ప సాహిత్యం అనగానే ముక్కుకు తగిలేది ఆ మూడో వాసనే. ఎందుకో చెబుతాను.

మామ చాయ్‌లో పాలు పోసుకునేవాడు కాదు. హైదరాబాదులో, చుట్టూ ఇరానీ హోటళ్ళు పెట్టుకుని పాలు లేని చాయ్ తాగడం ఊళ్ళోంచి వెలివేయదగిన నేరం. పక్కింటి ముసలమ్మ మా ఇంట్లో పాలకు గతి లేదనుకుని రెండు నెలలు రోజూ లోటా నిండా పాలు పంపింది. అత్త వద్దనలేదు. ఆ అలవాటు మామకు అస్సాంలో అయింది. ఇరవై ఏళ్ళప్పుడు మా తాతతో ఏదో మాట పట్టింపు వచ్చి, కట్టుబట్టలతో రైలెక్కి, అది ఎక్కడ ఆగితే అక్కడ దిగుదామని కూర్చున్నాడట. అది ఆగలేదు. చివరికి బ్రహ్మపుత్ర ఒడ్డున ఒక తేయాకు తోట కచేరీలో ఉత్తరాలకు నకళ్ళు రాసే పనిలో కుదిరి ఆరేళ్ళు ఉన్నాడు. అక్కడి భాష పట్టుబడింది. అక్కడి చలిజ్వరం ఆయన్ను పట్టుకుంది. మంచం మీద ఉన్న రోజుల్లో తోట డాక్టరు దగ్గరినుంచి ఒక మాసపత్రిక తెప్పించుకుని చదివేవాడు. దాన్ని నడిపేది సంపాదకులవారే. మామ తన వచ్చీరాని అస్సామీలో మన వైపు బతుకమ్మ ఎలా పేరుస్తారో వివరిస్తూ ఆ పత్రికకు ఉత్తరం రాశాడు. అది ఎర్ర సిరాతో దిద్ది తిరిగి వచ్చింది. ఎన్ని దిద్దుళ్ళంటే, ఎర్ర అక్షరాలను పక్కకు జరిపితే తప్ప నల్లవి కనపడలేదట. అడుగున ఒక్క మాట: మళ్ళీ రాసి పంపండి. మామ తొమ్మిదిసార్లు రాశాడు. పదోసారి అచ్చయింది. ఆ అచ్చు ముక్కను కత్తిరించి మా ఇంట్లో గోడ అద్దం పక్కన అంటించుకున్నాడు. గడ్డం గీసుకునేటప్పుడు ఒక కన్ను అద్దం మీద, ఒక కన్ను ఆ ముక్క మీద. అందుకే ఆయన గడ్డం ఎప్పుడూ ఒకవైపే నున్నగా ఉండేది.

జ్వరం తగ్గాక మామ రెండు రోజులు పడవలో, బండిలో ప్రయాణం చేసి సంపాదకులవారిని చూసి వచ్చాడు. ఆ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

"నేను చెప్పులు గేటు కాడనే ఇడ్సిన అల్లుడా. గాయన అరుగు మీద కూసోని కతలు పైకి సదువుతున్నడు. పక్కన వాళ్ళమ్మ మగ్గం నేస్తున్నది. గామెకు సదువు రాదు. కత ఇనుకుంట ఇనుకుంట గామె చెయ్యి ఆగిందనుకో, గా కత పత్రికల వడ్డట్టే. చెయ్యి ఆగకుంటే, రాసినాయన ఎంత పెద్ద పండితుడైనా సరే, తిరుగు టపాల వోతది."

"నీ బతుకమ్మ ఉత్తరానికి ఆగిందా మామా?"

"జర ఆగిందట. దారం తెగిందని గూడ అంటరు. గది ఒదిలెయ్యి. నేను గాయన కాళ్ళు మొక్కి ఒక మాటిచ్చిన. మీ నవలను మా తెలుగులకు తీస్కపోత. ఒక్క ముక్క కలుప, ఒక్క ముక్క ఇడ్వ అన్న."

మామ హైదరాబాదుకు తిరిగి వచ్చి, పెళ్ళి చేసుకుని, అడితిలో చేరి, మొదలుపెట్టిన గొప్ప పని ఆ మాట నిలబెట్టుకోవడమే. యుద్ధం రోజులు. కాగితం కరువు. తెలుగులో ఏదైనా అచ్చు వేయించాలంటే ప్రెస్సు దొరకదు, దొరికితే సర్కారు అనుమతి దొరకదు. అందుకని చేతిరాత పత్రిక పెట్టాడు. పేరు 'ఇరుగుపొరుగు'. ఒకే ఒక్క ప్రతి. నాంపల్లిలో బయలుదేరి, అబిడ్స్ మీదుగా సుల్తాన్ బజారు చేరి, లక్డీకాపూల్ చుట్టి పన్నెండు ఇళ్ళు తిరిగి నెలన్నరకు మా ఇంటికి వచ్చేది. ఇంటికి మూడు నాలుగు రోజులు. చివర నాలుగు తెల్ల పేజీలు కుట్టేవాళ్ళం, చదివినవాళ్ళు తమ అభిప్రాయం రాయడానికి. తిరిగి వచ్చేసరికి దాని మీద పన్నెండు ఇళ్ళ పసుపు, పన్నెండు ఇళ్ళ పచ్చడి ఉండేది. ఒకసారైతే ఎనిమిదో పేజీని పిండుకుంటే ఇద్దరం అన్నం కలుపుకుని తిన్నాం.

ఆ పత్రికకు మామ సంపాదకుడు. రాతగాణ్ణి నేను. నా చేతిరాత అప్పట్లో ముత్యాల్లా ఉండేది, చూసినవాళ్ళు ఏరుకోబోయేవాళ్ళు. ఇక మగ్గం దగ్గర కూర్చునే ఆ తల్లి స్థానం సత్తెమ్మ అత్తది. మా ఇంట్లో మగ్గం లేదు కాబట్టి మామ ఆ పరీక్షను జొన్నరొట్టెకు మార్చాడు. పొద్దున అత్త రొట్టె తట్టి పెనం మీద వేసేటప్పుడు ఎదురుగా కూర్చుని రచన చదవాలి. వింటూ వింటూ అత్త రొట్టె తిప్పడం మరిచిపోయి అది మాడితే రచన గట్టిది. మాడకపోతే తిప్పి పంపడమే. అబిడ్స్‌లో ఒక వకీలు గారు దేశభక్తి మీద పద్యాలు రాసి, తనే వచ్చి గొంతెత్తి చదివారు. ఆ పూట అత్త రొట్టెలు వెన్నెల్లా వచ్చాయి. ఒక్క మచ్చ లేదు. వకీలు గారు మళ్ళీ మా సందులోకి రాలేదు.

సంపాదకులవారి నవలకు మామ 'ఒడ్డు' అని తెలుగు పేరు పెట్టాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అడితి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అస్సామీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవాడు. నేను అడితి రశీదుల వెనక గబగబా రాసుకునేవాణ్ణి. మర్నాడు మంచి కాగితం మీద ఎత్తి రాసి, మామ పనికి పోయాక అత్తకు చదివి వినిపించి, మొదటి ఇంటికి అందించేవాణ్ణి. మామ ఆ మంచి ప్రతిని ఎప్పుడూ చదవలేదు. తిరిగి వచ్చాక చివరి నాలుగు పేజీల అభిప్రాయాలు మాత్రం నాలుగుసార్లు చదివేవాడు. తర్వాత నాకు తెలిసిన సంపాదకులంతా ఇంతే.

కథ చెబుతాను. బ్రహ్మపుత్ర నడుమ ఇసుక దిబ్బ మీద ఒక చిన్న ఊరు. ఏటేటా నది ఆ దిబ్బను కొంచెం కొంచెం తినేస్తుంది. పడవ నడిపేవాడి కూతురు రూపహి, ఆమె నాయనమ్మ, ఒక మగ్గం. నీళ్ళు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇల్లు విప్పి పది అడుగులు వెనక్కి జరిపి మళ్ళీ కట్టుకుంటారు. ఒకరోజు వెనక్కి జరగడానికి చోటు ఉండదు. అంతే. దొంగలు లేరు, జమీందారు లేడు, ఎవరూ ఎవరి మీదా అరవరు. సంపాదకులవారి తక్కిన నవలలూ అలాంటివేనట. నల్లమందు మానలేని బడిపంతులు మీద ఒకటి, రేవులో టికెట్లు చింపే గుమస్తా మీద ఒకటి. అన్నం తింటూ మామ ఆ కథలు చెబుతుంటే ముద్ద చేతిలోనే ఆరిపోయేది. ఇప్పుడు ఆలోచిస్తే, పెద్ద మాట ఒక్కటీ వాడకుండా మనిషిని అంత దగ్గరగా చూపిన రచన ఆ తర్వాత నేను చాలా తక్కువ చదివాను. కాని పదిహేడేళ్ళప్పుడు నాకు చచ్చేంత విసుగు. మూడు ప్రకరణాలు గడిచినా ఒక్క హత్య జరగలేదు.

అసలు చిక్కు మొదటి సంచిక చదివిన నాడే వచ్చింది. నేను ఒళ్ళంతా నోరు చేసుకుని చదివాను. అత్త రొట్టె తిప్పింది, ఉబ్బింది, దించింది. "మంచిగనే ఉన్నది" అంది. అంతకంటే ఘోరమైన విమర్శ నేను ఇంతవరకు వినలేదు. రెండో సంచిక ఎత్తి రాసేటప్పుడు నా చెయ్యి నా మాట వినలేదు. రూపహి నీళ్ళకు పోయే దారిలో ఒక ఏనుగును నిలబెట్టాను. చిన్నది కాదు. ఆ ఏనుగు చెవి విసిరితే ఒడ్డున గుడిసె కప్పు లేచిపోయింది. అత్త చెయ్యి ఆగింది. పెనం మీద పొగ లేచింది. నాకు ఏనుగెక్కినట్టే ఉంది.

తర్వాత ఇక ఆగలేదు. మొసళ్ళు రెండు. ఒక తుఫాను. నేను బ్రహ్మపుత్రను చూడలేదు, నాకు తెలిసిన ఎత్తు మొజంజాహి మార్కెట్ గడియారం ఒక్కటే, కాబట్టి వరద అంత ఎత్తు వచ్చింది. రూపహి చెలికత్తె పెళ్ళిలో, నది మధ్య ఇసుక దిబ్బ మీద, మూడు వందల మందికి బగారా అన్నం, ఎండు ఖుబానీ పండ్లతో చేసే మన ఖుబానీకా మీఠా వడ్డించాను. చివరి పేజీల్లో చదువరులు "ఏనుగు అమోఘం", "మీఠా చదివి నోరూరింది" అని రాసేవాళ్ళు. మామ కంట పడకుండా ఆ వాక్యాల మీద సిరా సీసా ఒలికిపోయేది. ఆ సంవత్సరం మా ఇంట్లో ఒలికిన సిరాతో హుస్సేన్ సాగర్ నీలంగా మారి ఉండాలి.

ఒకరోజు అత్త జొన్నలు విసురుతూ, పాట మధ్యలో ఆపి వాళ్ళమ్మ సంగతి చెప్పింది. "మూసీ పొంగిన నాడు మా యమ్మ తిరగలి ఇడ్వనన్నదట. పడవోడు, 'మనుషులకే జాగ లేదు, గా రాయెందుకమ్మా' అన్నడట. 'నీళ్ళు తీసినంక ఏం దిని బతకాలె? నీ తెడ్డు తినాల్నా?' అన్నదట. ఒళ్ళ వెట్టుకోని కూసున్నది. పడవ ఒక దిక్కు ఒరిగినా ఇడ్వలే." నేను ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు, మొదటిసారి ఏమీ పెంచకుండా, రూపహి నాయనమ్మ నోట్లో పెట్టాను. ఊరు ఖాళీ చేసే ప్రకరణంలో ఆ ముసలామె తిరగలి ఒళ్ళో పెట్టుకుని పడవలో కూర్చుంది. అది చదివిన పొద్దున అత్త పెనం వైపు కాకుండా నా మొహం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ పూట రొట్టె బొగ్గయింది.

పది సంచికలతో నవల ముగిసింది. ఒక సాయంత్రం మామ నాతో అన్నాడు.

"అల్లుడా, అన్ని సంచికల్ల నవల పేజీలు తీసి బైండు చేపియ్యాలె. సంపాదకులవారికి పంపిస్తున్న."

"ఎందుకు మామా, గాయనకు తెలుగు రాదు గద?"

"రాకుంటేంది? పుస్తకం చేతుల పట్టుకుంటడు గద. ఆరేండ్ల అస్సాం బతుకుల నాకు దొరికింది జ్వరమొకటి, గీ భాషొకటి. జ్వరం పోయింది. గీ భాషతోని నేను ఒక్క పనన్న సక్కగ చేసిన్నని గాయనకు ఎర్క గావాలె."

అబిడ్స్ పెద్ద టపా ఆఫీసుకు మామ పెళ్ళినాటి షేర్వాణీ వేసుకుని వచ్చాడు. వరుసలో మా ముందు నాలుగు వందల మంది ఉన్నారు, అంటే పది మంది. ఆ పది మందీ ఒక్కొక్కరే తగ్గుతున్నారు. పార్శిలు మీద పెట్టిన ఉత్తరం మామ నాకు తెలుగులో చదివి చెప్పాడు: ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క వదలలేదు, మీకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను. నేను నోరు తెరిచాను. "ఏంది?" అన్నాడు మామ. "షేర్వాణీ బాగున్నది మామా" అన్నాను. నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నిటిలో అది చిన్నది, దానికే ఇప్పటికీ సిగ్గు.

నెల తిరక్కుండా సంపాదకులవారి దగ్గరినుంచి కార్డు వచ్చింది, అందులో ఇలా ఉంది. పుస్తకం చేరింది. మా ఊరి రైల్వేలో పనిచేసే ఒక తెలుగాయన ఉన్నాడు, వారానికి రెండు సాయంత్రాలు వచ్చి నాకు అర్థం చెబుతూ చదివి వినిపిస్తానన్నాడు, పూర్తయ్యాక రాస్తాను. మామ ఆ కార్డు పట్టుకుని సందంతా తిరిగి జిలేబీ పంచాడు. నాకు మాత్రం ఆ రైల్వే ఆయన వారానికి రెండు సాయంత్రాలు మా గుమ్మంలోకి వచ్చి నిలబడుతున్నట్టే ఉండేది. ఈపాటికి ఏనుగు దగ్గరికి వచ్చి ఉంటాడు. ఈపాటికి మొసళ్ళు. ఈపాటికి సంపాదకులవారు ఎర్ర సిరా సీసా మూత తీసి ఉంటారు.

"ఏం పిలగా, రెండు రొట్టెలకే చెయ్యి కడుగుతున్నవ్?" అంది అత్త ఒక పొద్దున.

"ఆకలైత లేదత్తా."

"ఏనుగు తొక్కిందా?"

నేను నోట్లో నీళ్ళు మింగేశాను. "నీకు తెల్సా?"

"గది అడుగువెట్టిన నాడే తెల్సింది. పెండ్లైన కాడికెల్లి మీ మామ నాకు గా కత చెప్పవట్టె. గా కతల ఏనుగు లేదు, మొసలి లేదు, మా యమ్మ అసలే లేదు."

"మరి ఎందుకు అడగలే?"

అత్త పిండి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "మా యమ్మ పడవెక్కినంక నాకు అడగబుద్ధి గాలే. గని నువ్వు మాత్రం చెప్పాలె కొడకా. గా రైల్వేఆయన చెప్పంగ ఉత్తరంల సదువుకునే గతి మీ మామకు పట్టొద్దు. నీ నోటితోని చెప్పు."

చెప్పాను. మామతో కలిసి నడుస్తూ మార్కెట్ గడియారం కింద చెప్పాను. ఆయన నడక ఆపాడు. చుట్టూ టాంగాలు, సైకిళ్ళు, పండ్ల బండ్లు. వాటి మధ్య మామ ఒక్కడే కదలకుండా ఉన్నాడు.

"ఎన్ని కలిపినవ్?"

"ఏనుగొకటి. మొసళ్ళు రెండు. తుఫాను. పెండ్లి."

"పెండ్లిల ఏం వెట్టినవ్?"

"బగారన్నం. ఖుబానీకా మీఠా."

"బ్రహ్మపుత్ర నడిమిట్ల ఖుబానీ?"

"ఔ మామా. తిరగలి గూడ. గది అత్తోల్ల అమ్మది."

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. వెనక్కి తిరిగి, ఆ రోజు అడితికి పోకుండా, ఇంటికి పోయి అద్దం పక్కన అంటించిన అచ్చు ముక్కను మెల్లగా, చిరగకుండా ఊడదీసి పెట్టెలో పెట్టేశాడు. నలభై రోజులు నాతో మాట్లాడలేదు. సరే, పదకొండు రోజులు. పత్రిక ఆగిపోయింది. సంపాదకులవారికి ఉత్తరం రాయబోయి నాలుగుసార్లు కాగితం మడిచి పక్కన పడేశాడు. "మాటిచ్చిన, తప్పిన అని రాయాల్నా? ఏమని రాయాలె సత్తెమ్మా?" అని వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు. ఆ పదకొండు రోజులూ మామ గడ్డం రెండువైపులా నున్నగా ఉంది. నేను అది చూడలేకపోయాను.

పన్నెండో రోజు మామ ఇంకా అడితికి బయలుదేరలేదు. టపా మనిషి కార్డు ఇచ్చి పోయాడు. మామ గుమ్మంలో నిలబడి చదువుకున్నాడు. చదివి, తిప్పి చూసి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకుని కూర్చున్నాడు. అత్త రొట్టె తడుతోంది. నేను గోడకు అంటుకుని ఉన్నాను. మామ కార్డు కళ్ళ దగ్గర పెట్టుకుని, నాకు నవల చెప్పిన గొంతుతోనే, తెలుగులో చదవడం మొదలుపెట్టాడు.

"మీ పుస్తకం అంతా విన్నాను. ఇందులో రెండు చేతులు కనపడుతున్నాయి. ఒక చెయ్యి నా వెనక బుద్ధిగా నడిచింది. రెండో చెయ్యి నన్ను దాటి పరుగెత్తింది. ఏనుగును తీసేయండి, ఆ నెలలో మా ఏనుగులు అటు రావు. మొసళ్ళను తీసేయండి. పెళ్ళి విందు తీసేయండి, గాని ఆ తీపి ఎలా చేస్తారో విడిగా రాసి పంపండి. పడవలో తిరగలిని మాత్రం ఉంచండి. అది నేను రాయలేదు. రాసి ఉండవలసింది. ఆ ముసలామెను ఎరిగినవాళ్ళ పక్కన కూర్చుని ఎవరో శ్రద్ధగా విన్నారు. ఆ రెండో చేతికి నా మాటగా చెప్పండి. మా నది మీద కాదు, తన వీధి మీద రాయమనండి. తొమ్మిదిసార్లు రాయమనండి. పదోసారికి పనికి వస్తుంది. మీరు మాట తప్పారని నేను అనుకోవడం లేదు."

గోడ దగ్గరినుంచి నాకు ఆ కార్డు కనపడుతూనే ఉంది. దాని మీద ఉన్నవి ఏడు వరుసలు. అస్సామీ లిపిలో ఒక్కో వరుసలో ఎంతెంత ఇముడుతుందో అని ఆశ్చర్యపోయాను.

పెనం మీద పొగ గదినిండా కమ్ముకుంది. అత్తకు అది తెలియలేదు. "మా యమ్మ అస్సాం దాక వోయిందా?" అంది.

"వొయ్యి ఆడ్నే కూసున్నది" అన్నాడు మామ. తర్వాత నా వైపు చూశాడు. "ఏం సూస్తున్నవ్ రా? కలం పట్టు. మన సందు గురించి రాయి. ఏనుగు సందులకు పట్టది, గది యాది వెట్టుకో."

తొమ్మిదిసార్లు రాశాను. బొజ్జ మనిషి గురించి, పాలు పంపిన ముసలమ్మ గురించి. తొమ్మిదిసార్లూ అత్త రొట్టెలు వెన్నెల్లా వచ్చాయి. పదోసారికి ఒక అంచు మాడింది. అదే నా మొదటి రచన. ఆ తర్వాత నేను రాసిన పుస్తకాలకు ముందుమాటలు రాసిన పెద్దలు నా మీద ఎవరెవరి ప్రభావమో చూశారు, నేను చదవనివాళ్ళవి కూడా చూశారు. ఒక్కరూ బ్రహ్మపుత్ర పేరెత్తలేదు. వాళ్ళను అని లాభం లేదు. ఆయన నవల ఒక్కటైనా తెలుగులో అచ్చు కాలేదు. ఆయన తెలుగు చదువరులంటే మొత్తం పన్నెండు ఇళ్ళు, వాళ్ళూ ఏనుగు కోసం చదివినవాళ్ళు. అయినా ఒక పత్రికను ఎలా నడపాలి, ఎవరి ఎదుట చదవాలి, ఎక్కడ కొట్టేయాలి అన్నది వెయ్యి మైళ్ళ అవతల మగ్గం పక్కన కూర్చున్న ఆ మనిషి దగ్గరినుంచి మా వంటింటికి వచ్చింది. ఇప్పుడు నా కథలు వారపత్రికల్లో వేల ప్రతులు అచ్చవుతాయి. చదివినవాళ్ళు "బాగుంది" అని కార్డు రాస్తారు. మా ఇంట్లో గ్యాసు పొయ్యి వచ్చింది, కుక్కరు వచ్చింది. అది కథ బాగున్నా కూత వేస్తుంది, బాగాలేకున్నా వేస్తుంది. నాంపల్లి సందులో మా ఇల్లు ఉన్న చోట లాడ్జి కట్టారు. ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేస్తూ ఆ లిపి కోసం చూస్తుంటాను. ఇంతవరకు దొరకలేదు. విచారం ఏమీ లేదు. అంత మంది చదివి పెట్టే 'బాగుంది'ల కంటే ఒక్క రొట్టె మాడడం ఎంత పెద్ద సంగతో తెలిసి పెరిగాను. ఆ అదృష్టం నాతో రాసేవాళ్ళలో ఎందరికి దొరికింది?

మామ పోయాక అత్త ఆ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ ఏడాదే మా సందు లాడ్జిలో అస్సాం నుంచి ఒక టీ పొడి వ్యాపారి దిగాడని తెలిసి, ఆయన దగ్గరికి పోయి కార్డు చదివించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని హిందీలో అర్థం చెప్పాడు. ఏనుగు, మొసళ్ళు, తిరగలి, తొమ్మిదిసార్లు. మామ చదివినట్టే ఉంది. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క వదలలేదు.

ఇక ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. ఏనుగు అనుకుంటారేమో, అది నిజంగానే పెట్టాను. పచ్చడి పేజీ పిండుకోలేదు, అది మీరు భాగించే ఉంటారు. కల్పించింది ఇదిగో, ఇప్పుడు పైన రాసిన, వ్యాపారి చేత కార్డు చదివించిన సంగతి. టీ పొడి వ్యాపారి నిజంగానే వచ్చాడు. నేను పోయాను. కార్డు చొక్కా జేబులో ఉంది. ఆయన పాలు లేని చాయ్ తెప్పించాడు. గంటసేపు వానల గురించి మాట్లాడుకున్నాం. ఏం పని మీద వచ్చారని ఆయన అడిగితే, అరకిలో టీ పొడి కొనుక్కుని వచ్చేశాను. ఆ ఏడు వరుసలు మామ తర్వాత ఇంతవరకు ఎవరూ చదవలేదు. ఆ మాటలు అస్సామాయన రాసినవో, పీట మీద కూర్చుని మామ అప్పటికప్పుడు కలిపినవో నాకు తెలియదు. తెలుసుకుంటే ఒక్కరికే దండం పెట్టుకోవాలి. ఇద్దరికీ పెట్టుకోవడం నాకు అలవాటైపోయింది.